ఒకే నవల, భిన్న పాఠకులు: 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'పై అభిప్రాయాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల వెలువడిన పరిస్థితులను వివరించగలుగుతారు.
• 1954 నుంచి 21వ శతాబ్ది ఆరంభం వరకు ఈ నవలపై వచ్చిన ముఖ్యమైన భిన్నాభిప్రాయాలను, వాటి నేపథ్యాన్ని తెలుపగలుగుతారు.
• పుస్తకంపై పాఠకుల అభిప్రాయాన్ని చారిత్రక ఆధారంగా ఎలా ఉపయోగించాలో, దాని పరిమితులేమిటో చర్చించగలుగుతారు.

1. ప్రవేశిక

ఒకే పుస్తకం చదివిన ఇద్దరు ఒకేలా మాట్లాడరు. ఒకరికి ప్రాణప్రదమైన పుస్తకం మరొకరికి పది పుటలు దాటదు. ఎందుకిలా అని అడిగితే 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అనే సామెత చెబుతాం. ఇంట్లో వాదన ముగించడానికి ఆ సామెత చాలు. చరిత్ర విద్యార్థికి మాత్రం చాలదు. ఆ రుచి ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి ఏర్పడింది? దాన్ని ఏ పత్రికలో, ఎవరిని ఉద్దేశించి చెప్పారు? ఏ అభిప్రాయాలు మనదాకా వచ్చాయి, ఏవి రాలేదు? సామెత ఆగిన చోటనే ఈ ప్రశ్నలు మొదలవుతాయి.

గ్రంథ రచన చరిత్ర మనకు పరిచితమైన విషయమే. గ్రంథ పఠన చరిత్ర అంతగా పరిచితం కాదు. అచ్చయిన తరువాత పుస్తకంలోని అక్షరాలు పెద్దగా మారవు. దాన్ని చదివేవారు మారతారు, దాని వెల మారుతుంది, అట్ట మారుతుంది, దాని నుంచి జనం కోరుకొనేది కూడా మారుతుంది. ఈ మార్పులను పరిశీలించడానికి ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మంచి ఉదాహరణ. 20వ శతాబ్దపు ఆంగ్ల సాహిత్యంలో ఇంత గట్టిగా పొగడ్తలు, తెగడ్తలు రెండూ పొందిన నవలలు కొద్ది మాత్రమే.

2. గ్రంథకర్త, గ్రంథం

టోల్కీన్ 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో జన్మించాడు. మూడేళ్ల వయస్సులో తల్లితో ఇంగ్లండుకు వచ్చాడు. చిన్నతనంలోనే తండ్రిని, 12 ఏళ్ల వయస్సులో తల్లిని కోల్పోయాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా 1916లో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో పనిచేశాడు. కందకాల్లో పేల ద్వారా వ్యాపించే జ్వరం సోకి అదే ఏడాది నవంబరులో స్వదేశం చేరాడు. యుద్ధం ముగిసేనాటికి అతని సన్నిహిత మిత్రుల్లో ఒక్కరు తప్ప అందరూ మరణించారు. 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా ప్రాచీన ఆంగ్ల భాషను, మధ్యయుగ సాహిత్యాన్ని బోధించాడు.

1937లో అతను పిల్లల కోసం రాసిన 'ది హాబిట్' వెలువడి ఆదరణ పొందింది. ప్రచురణ సంస్థ జార్జ్ అలెన్ అండ్ అన్విన్ దానికి కొనసాగింపు కోరింది. అదే ఏడాది డిసెంబరులో మొదలుపెట్టిన రచన 12 ఏళ్లు సాగి, పిల్లల కథ పరిధిని ఎప్పుడో దాటిపోయింది. ధరించినవారి మనస్సును చెరిపివేసే ఒక ఉంగరాన్ని, దాన్ని తయారుచేసిన అగ్నిపర్వతంలోనే పడవేసి నాశనం చేయడానికి ఒక సామాన్యుడు చేసే ప్రయాణం ఇందులోని ప్రధాన కథ. ఈ కథకు వెనుక కల్పిత భాషలు, వంశావళులు, వేల ఏళ్ల కల్పిత చరిత్ర ఉన్నాయి.

ఇంత పెద్ద గ్రంథాన్ని అచ్చువేయడం ప్రచురణకర్తకు సాహసమే. యుద్ధానంతర బ్రిటన్‌లో కాగితం ధర ఎక్కువ. వెయ్యి పౌండ్ల దాకా నష్టం రావచ్చని సంస్థ అంచనా వేసుకొంది. ఖర్చులు తీరేదాకా రచయితకు ఏమీ చెల్లించకుండా, ఆ తరువాత వచ్చే లాభాన్ని పంచుకొనే పద్ధతిలో ఒప్పందం కుదిరింది. ఒకే నవలను మూడు సంపుటాలుగా విడగొట్టడానికి కూడా ఖర్చే ప్రధాన కారణం. మొదటి రెండు సంపుటాలు 1954 జులై, నవంబరు నెలల్లో, మూడోది 1955 అక్టోబరులో వెలువడ్డాయి. మొదటి సంపుటం తొలి ముద్రణ సుమారు 3,000 ప్రతులు.

ఈ విభజన పాఠకుల అభిప్రాయాలపై కూడా ప్రభావం చూపింది. 1954లో మొదటి సంపుటాన్ని సమీక్షించినవారు నవలలో మూడో వంతు మాత్రమే చదివి తీర్పు చెప్పారు. ముగింపు చూడకుండా రాసిన సమీక్షను, మొత్తం చదివి రాసిన సమీక్షను ఒకే తూకంలో వేయరాదు.

3. అచ్చుకు ముందే మొదలైన భేదాలు

ఈ నవల తొలి పాఠకులు నిజానికి శ్రోతలు. ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్, అతని మిత్రులు 'ఇంక్లింగ్స్' అనే పేరుతో కలుసుకొని తమ రచనలను ఒకరికొకరు చదివి వినిపించుకొనేవారు. టోల్కీన్ చాలా అధ్యాయాలను అక్కడ వినిపించాడు. సి.ఎస్. లూయిస్ వాటిని ఆసక్తిగా విని, రచన ఆగిపోయినప్పుడల్లా కొనసాగించమని ప్రోత్సహించాడు. అదే బృందంలో హ్యూగో డైసన్ అనే ఆంగ్ల ఆచార్యుడికి ఆ అధ్యాయాలు ఏమాత్రం రుచించలేదు. అతను తన విసుగును దాచుకోలేదు. చివరికి అతను ఉన్న రోజున టోల్కీన్ చదవడం మానుకోవలసి వచ్చింది.

లూయిస్, డైసన్ ఇద్దరూ ఒకే కాలం, ఒకే వృత్తి, ఒకే మతవిశ్వాసం గలవారు. ఇద్దరూ మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నవారే. అయినా ఇద్దరి తీర్పులు పూర్తిగా వేరు. కాబట్టి 'ఆ కాలం వారికి ఈ నవల నచ్చింది' అని గాని, 'నచ్చలేదు' అని గాని ఒక్క మాటలో చెప్పడం కుదరదు. కాలం, వర్గం, చదువు పాఠకుడి తీర్పును ప్రభావితం చేస్తాయి గాని పూర్తిగా నిర్ణయించవు. ఈ పరిమితిని పాఠం పొడవునా గుర్తుంచుకోవాలి.

4. తొలి సమీక్షలు: 1954–56

మొదటి సంపుటం వెలువడిన కొద్ది వారాలకే లూయిస్ 'టైమ్ అండ్ టైడ్' పత్రికలో గొప్పగా ప్రశంసిస్తూ సమీక్ష రాశాడు. వాస్తవికతకే విలువ ఇచ్చే కాలంలో వీరగాథ తిరిగి రావడాన్ని అతను ఒక సంఘటనగా భావించాడు. అయితే లూయిస్ రచయితకు మిత్రుడు. పుస్తకం అట్ట మీది ప్రశంసావాక్యాల్లో కూడా అతని మాటలు ఉన్నాయి. తన మద్దతు మేలుతోపాటు కీడు కూడా చేయవచ్చునని అతనే టోల్కీన్‌ను ముందుగా హెచ్చరించాడు. కొందరు సమీక్షకులు నవల కన్నా ముందు ఆ అట్టమీది పొగడ్తలపైనే విరుచుకుపడ్డారు.

కవి ఎడ్విన్ మ్యూర్ 'ది అబ్జర్వర్' పత్రికలో మూడు సంపుటాలనూ వరుసగా సమీక్షించాడు. మొదటి సంపుటంలోని కల్పనాశక్తిని మెచ్చుకొంటూనే, మంచివారు పూర్తిగా మంచివారుగా, చెడ్డవారు పూర్తిగా చెడ్డవారుగా ఉన్నారని ఆక్షేపించాడు. మూడో సంపుటానికి వచ్చేసరికి అతని విమర్శ మరింత తీవ్రమైంది. ఇందులోని వీరులు పెద్దల వేషం వేసుకొన్న బాలురని, వయోజనుల జీవితానుభవం వారిలో కనిపించదని అతని అభిప్రాయం.

అమెరికాలో స్థిరపడిన ఆంగ్ల కవి డబ్ల్యూ.హెచ్. ఆడెన్ 'న్యూయార్క్ టైమ్స్'లో 1954లోను, 1956లోను రాసిన సమీక్షల్లో నవలను బలంగా సమర్థించాడు. ఆడెన్ విద్యార్థిగా ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్ ఉపన్యాసం విన్నవాడు. అతను రెండో సమీక్షలో ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాడు. ఈ నవల విషయంలో మధ్యేమార్గం కనిపించడంలేదు. కొందరికి అది మహత్తర రచన, మరికొందరికి భరించరానిది. తాను గౌరవించే విమర్శకులే వ్యతిరేక పక్షంలో ఉన్నారని కూడా అతను ఒప్పుకొన్నాడు.

ఆ వ్యతిరేక పక్షంలో ప్రముఖుడు అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్. 1956 ఏప్రిల్‌లో 'ది నేషన్' పత్రికలో అతను రాసిన వ్యాసం ఈ నవలపై వచ్చిన విమర్శలలో అత్యంత ప్రసిద్ధమైనది. వచనం పేలవమని, పాత్రలకు లోతు లేదని, నాయకుడికి ఎదురయ్యే ప్రలోభాలు, కష్టాలు నిజమైనవిగా అనిపించవని అతని వాదన. ఇది పిల్లల పుస్తకం అదుపు తప్పి పెరిగిందని, దీన్ని పొగిడే పెద్దలకు బాల్యపు రుచులు వదలలేదని ఎత్తిపొడిచాడు.

విల్సన్ వ్యాసంలో మరో విశేషం ఉంది. అతను ఈ నవలంతా తన ఏడేళ్ల కుమార్తెకు పైకి చదివి వినిపించాడు. ఆ పిల్ల అప్పటికే 'ది హాబిట్'ను ఎన్నోసార్లు పూర్తిచేసింది. విమర్శకుడైన తండ్రి అభిప్రాయం మనకు ఒక వ్యాసం నిండా దొరుకుతుంది. ఆనందించిన పిల్ల ఆ వ్యాసంలో ఒక ప్రస్తావనగా మాత్రమే మిగిలింది. పఠన చరిత్రలో ఇది తరచుగా జరిగేదే. పత్రికల్లో రాయగలిగినవారి అభిప్రాయాలు నిలుస్తాయి. పిల్లలు, గృహిణులు, కార్మికులు, గ్రంథాలయాల నుంచి పుస్తకం అరువు తెచ్చుకొని చదివినవారు ఏమనుకొన్నారో చాలావరకు నమోదు కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) నవలను మూడు సంపుటాలుగా ప్రచురించడం సమీక్షలపై ఎలాంటి ప్రభావం చూపింది?
ఆ) లూయిస్ సమీక్షను ఆధారంగా స్వీకరించేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?

5. భేదానికి మూలం: పాఠకులు అడిగిన ప్రశ్న

పై నలుగురి అభిప్రాయాలు ఎందుకు వేరయ్యాయి? యుద్ధానుభవం ఉన్నవారికి ఈ నవల నచ్చిందని కొందరు తేలికగా తేల్చివేస్తారు. ఆధారాలు దీన్ని సమర్థించవు. లూయిస్ యుద్ధంలో గాయపడినవాడు, నవలను మెచ్చాడు. విల్సన్ కూడా మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులోని సైనిక వైద్యశాలలో పనిచేసినవాడే, నవలను తిరస్కరించాడు.

ఇంతకన్నా బలమైన వివరణ వారు నవల నుంచి ఆశించిన దానిలో దొరుకుతుంది. విల్సన్ 1931లో ప్రచురించిన 'ఆక్సెల్స్ కాజిల్' గ్రంథంలో జేమ్స్ జాయిస్, మార్సెల్ ప్రూస్ట్ వంటి ఆధునికులను పరిచయం చేసి ప్రసిద్ధుడయ్యాడు. మనిషి అంతరంగాన్ని, అందులోని చిక్కుముడులను, వాటికి తగిన కొత్త వచనాన్ని అతను నవలలో వెదికాడు. 1940లలో అపరాధ పరిశోధక నవలలను కూడా అతను ఇదే కొలబద్దతో కొట్టివేశాడు. మ్యూర్ అడిగిందీ దాదాపు ఇదే: ఈ పాత్రలు పెద్దవాళ్లుగా ఎదుగుతాయా?

లూయిస్ మధ్యయుగ సాహిత్య పండితుడు. అతను ఈ రచనను ఆధునిక నవలల వరుసలో నిలపలేదు. ఇతిహాసాల, వీరగాథల వరుసలో నిలిపాడు. వీరగాథలో ఒక్కొక్క పాత్ర ఒక్కొక్క జాతికి, గుణానికి ప్రతినిధిగా నిలవడం లోపం కాదు, అది ఆ ప్రక్రియ లక్షణం. ఆడెన్ కూడా దీన్ని అన్వేషణ గాథగానే చదివాడు.

అంటే వారు ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు ఇవ్వలేదు. వేర్వేరు ప్రశ్నలు వేశారు. పాఠకుడి చదువు, వృత్తి, కాలం అతను వేసే ప్రశ్నను తీర్చిదిద్దుతాయి. ఆ ప్రశ్నకు పుస్తకం ఏ జవాబు ఇచ్చిందన్నది మాత్రం పుస్తకంలోనే వెదకాలి. ఈ రెండింటినీ వేరుగా చూడగలగడం పాఠక స్పందన చరిత్రలో మొదటి మెట్టు.

6. చౌక ప్రతి, కొత్త పాఠకులు: 1965

1961లో ఫిలిప్ టాయిన్‌బీ అనే సమీక్షకుడు 'ది అబ్జర్వర్'లో రాస్తూ, ఈ నవలను జనం మరచిపోయారని, అది మంచిదేనని తీర్పు చెప్పాడు. నాలుగేళ్లలో ఆ జోస్యం తలకిందులైంది. దీనికి కారణం విమర్శకుల మనసు మారడం కాదు, పుస్తకం వెల మారడం.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం విదేశాల్లో అచ్చయిన ఆంగ్ల పుస్తకాల దిగుమతికి 1,500 ప్రతుల పరిమితి ఉండేది. అది దాటితే కాపీరైట్ రక్షణ సందేహంలో పడేది. టోల్కీన్ నవల విషయంలో ఈ పరిమితి దాటిందని, కాబట్టి దానికి అమెరికాలో హక్కులు లేవని వాదిస్తూ 1965లో ఏస్ బుక్స్ అనే సంస్థ రచయిత అనుమతి లేకుండా పేపర్‌బ్యాక్ ప్రతులను విడుదల చేసింది. ఒక్కో సంపుటం వెల 75 సెంట్లు. దీన్ని ఎదుర్కోవడానికి అదే ఏడాది బాలంటైన్ సంస్థ అధికారిక పేపర్‌బ్యాక్‌ను 95 సెంట్లకు తెచ్చింది. సజీవ రచయితలను గౌరవించేవారు ఈ ప్రతినే కొనాలని టోల్కీన్ సందేశం దాని అట్టపై ముద్రించారు. అభిమానుల నిరసన పెరగడంతో చివరికి ఏస్ సంస్థ రచయితకు పారితోషికం చెల్లించింది.

ఈ వివాదం పత్రికల కెక్కి నవలకు పెద్ద ప్రచారం అయ్యింది. విద్యార్థి జేబుకు అందే వెలలో, జేబులో పట్టే పరిమాణంలో పుస్తకం అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రవేశించింది. నాయకుడు ఫ్రోడో జీవించే ఉన్నాడని చెప్పే బిళ్లలు విద్యార్థుల చొక్కాల మీద, అవే రాతలు గోడల మీద కనిపించాయి. 1965లోనే అమెరికాలో టోల్కీన్ సొసైటీ ఏర్పడింది.

వియత్నాం యుద్ధం, యంత్ర నాగరికత, పర్యావరణ నాశనం ఆ తరాన్ని కలవరపెడుతున్న రోజులవి. అధికారాన్ని చేజిక్కించుకోవడం కన్నా దాన్ని త్యజించడమే విజయమని చెప్పే కథ, నరికిన చెట్ల పక్షాన అడవే తిరగబడే కథ వారికి తమ కథలా అనిపించింది. సనాతన క్యాథలిక్ అయిన వృద్ధ ఆచార్యుడికి ఈ అభిమానుల జీవన విధానం కొంత అయోమయం కలిగించింది.

1950లలో గట్టి అట్ట ప్రతి కొన్నవారు, 1965 తరువాత చౌక ప్రతి కొన్నవారు చదివిన నవల దాదాపు ఒకటే. కానీ మొదటివారు సాహిత్య ప్రమాణాల గురించి వాదించారు, రెండోవారు ఎలా బతకాలన్న ప్రశ్నకు అందులో సమాధానం వెదికారు.

7. ఒకే కథకు ఎదురెదురు రాజకీయాలు

నవలలోని ఉంగరం అణుబాంబుకు సంకేతమని, తూర్పు దిక్కున ఉన్న శత్రుదేశం సోవియట్ యూనియన్ అని చాలామంది పాఠకులు భావించారు. 1960ల మధ్య వెలువడిన రెండో కూర్పు ముందుమాటలో టోల్కీన్ ఇలాంటి వ్యాఖ్యానాలను తిరస్కరించాడు. కథలోని మూలాంశాలు 1939కి ముందే ఏర్పడ్డాయని గుర్తుచేశాడు. రచన 1937 డిసెంబరులోనే మొదలైంది కాబట్టి అణుబాంబు వాదం కాలక్రమానికి కూడా పొసగదు.

అదే ముందుమాటలో అతను ఒక ఉపయోగకరమైన భేదం చూపాడు. రచయిత ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టి పాఠకుడిపై మోపే అర్థం ఒకటి. పాఠకుడు తన అనుభవానికి స్వేచ్ఛగా అన్వయించుకొనే అర్థం మరొకటి. మొదటిది తనకు నచ్చదని, రెండోదానికి తన అభ్యంతరం లేదని అతని భావం. నవలలో కొందరు లోపంగా చూపిన భాగాలనే మరికొందరు ప్రత్యేకంగా మెచ్చుకొన్నారని కూడా అక్కడే పేర్కొన్నాడు.

పాఠకులు ఈ స్వేచ్ఛను ఎంత దూరం తీసుకుపోయారో చూడటానికి మూడు దేశాల ఉదాహరణలు చాలు. అమెరికాలో యుద్ధ వ్యతిరేక యువత ఈ నవలను ఆదరించింది. ఇటలీలో దీనికి విరుద్ధంగా జరిగింది. ముస్సోలినీ వారసత్వం చెప్పుకొనే పార్టీకి చెందిన యువజనులు 1977లో మోంటెసార్కియో పట్టణంలో 'హాబిట్ శిబిరం' అనే పేరుతోనే సమావేశం నిర్వహించారు. సంప్రదాయం, శౌర్యం, పాత వ్యవస్థ పట్ల విధేయత వారికి ఇందులో కనిపించాయి. సోవియట్ యూనియన్‌లో మొదటి సంపుటం సంక్షిప్త అనువాదం 1982లో అధికారికంగా వెలువడింది. మిగిలిన సంపుటాలు ఆ వ్యవస్థ కూలిపోతున్న కాలంలో గాని అచ్చుకాలేదు. ఈలోగా టైపు చేసిన అనువాదాలు చేతులు మారాయి. 1999లో కిరిల్ యెస్కోవ్ అనే రష్యన్ రచయిత ఇదే యుద్ధాన్ని ఓడిపోయిన పక్షం దృష్టితో చెబుతూ ఒక నవల రాశాడు. చరిత్ర గెలిచినవారు రాసుకొన్నదే అన్న అనుమానం దానికి పునాది.

8. అభ్యంతరాలు, సమాధానాలు

అమ్మకాలు పెరిగినంత మాత్రాన విమర్శ ఆగలేదు. 1978లో బ్రిటిష్ రచయిత మైకేల్ మూర్‌కాక్ తన వ్యాసంలో ఈ నవల పాఠకులను జోకొట్టి నిద్రపుచ్చే రచన అని, గ్రామీణ మధ్యతరగతి సుఖజీవనాన్ని ఆదర్శంగా చూపే సంప్రదాయవాదమని విమర్శించాడు. మూర్‌కాక్ స్వయంగా ఫాంటసీ నవలలు రాసినవాడు. కాబట్టి అతనిది ఆ ప్రక్రియ అంటేనే గిట్టనివారి అభిప్రాయం కాదు.

స్త్రీ పాత్రలు తక్కువ, ఉన్నవారు కూడా కథ అంచుల్లోనే ఉంటారు అన్నది మరో విమర్శ. పురుష వేషంలో యుద్ధానికి వెళ్లి శత్రు సేనానిని వధించే ఇయోవిన్ పాత్రను చూపి కొందరు దీనికి జవాబు చెబుతారు. ఒక్క పాత్ర ఆ లోటును తీర్చదని విమర్శకులు అంటారు.

జాతి విషయంలో వచ్చిన అభ్యంతరం మరింత తీవ్రమైనది. తూర్పు, దక్షిణ దేశాల ప్రజలు శత్రుపక్షాన పోరాడటం, నల్లని రంగును చెడుకు సంకేతంగా వాడటం, 'ఓర్క్'లు అనే జాతిలో దాదాపు ఒక్క మంచివాడూ కనిపించకపోవడం వారు చూపే ఆధారాలు. సమర్థకులు రెండు రకాల ఆధారాలు చూపుతారు. మొదటిది నవలలోనిదే: చనిపోయి పడివున్న దక్షిణ దేశపు సైనికుణ్ణి చూసి సామ్ అనే పాత్ర, అతను నిజంగా దుర్మార్గుడేనా, ఇల్లు విడిచి ఇంత దూరం రావడానికి ఎవరు బలవంతపెట్టారో అని ఆలోచిస్తాడు. రెండోది రచయిత జీవితంలోనిది: 1938లో జర్మన్ ప్రచురణకర్తలు టోల్కీన్ ఆర్య సంతతివాడా అని అడిగినప్పుడు అతను ఆ జాతి సిద్ధాంతాన్నే నిరసిస్తూ ఘాటుగా జవాబు రాశాడు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. రచయిత జాతి వివక్షకు వ్యతిరేకి కావడం ఒక విషయం. నవలలోని చిత్రణ పాఠకుడిపై చూపే ప్రభావం వేరొక విషయం. మొదటిదానికి ఉత్తరాలు ఆధారం. రెండోదానికి నవల, పాఠకుల అనుభవం ఆధారం. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయలేం. వలస పాలన చూసిన దేశాల పాఠకుడు దక్షిణాది సైనికుడి శవం దగ్గర ఇంగ్లండు పాఠకుడి కన్నా ఎక్కువసేపు ఆగవచ్చు. అది చదవడంలో పొరపాటు కాదు. అతను నిలబడిన చోటు నుంచి పుస్తకంలోని ఆ వాక్యాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

9. ఓట్లు, పండితులు: 1997

1997 జనవరిలో బ్రిటన్‌లోని వాటర్‌స్టోన్స్ పుస్తక దుకాణాలు, చానల్ ఫోర్ టెలివిజన్ కలిసి శతాబ్దపు ఉత్తమ గ్రంథాలను ఎన్నుకొమ్మని పాఠకులను కోరాయి. సుమారు 25,000 మంది పాల్గొన్నారు. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి స్థానంలో నిలిచింది. జార్జ్ ఆర్వెల్ నవల '1984'కు రెండో స్థానం దక్కింది.

సాహిత్య వర్గాల్లో చాలామందికి ఈ ఫలితం మింగుడుపడలేదు. రచయిత్రి జర్మేన్ గ్రీర్ ఇది తాను ఎప్పటినుంచో భయపడిన పరిణామమని ప్రకటించింది. అభిమాన సంఘాలు కూడబలుక్కొని ఓట్లు వేశాయన్న అనుమానం కూడా వచ్చింది. అయితే 'డైలీ టెలిగ్రాఫ్' పత్రిక, ఫోలియో సొసైటీ వేరుగా తమ పాఠకులను అడిగినప్పుడు కూడా ఇదే నవల ముందు నిలిచింది. 2003లో బీబీసీ నిర్వహించిన ఎన్నికలోనూ దీనికే మొదటి స్థానం లభించింది. అప్పటికి పీటర్ జాక్సన్ చలనచిత్రాలు వస్తున్నందున ఆ ఫలితంలో సినిమా ప్రభావం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. 1997 నాటికి ఆ చిత్రాలు లేవు.

2000లో భాషాశాస్త్రవేత్త టామ్ షిప్పీ టోల్కీన్‌ను శతాబ్ది రచయితగా నిలుపుతూ ఒక గ్రంథం రాశాడు. యుద్ధాన్ని చూసిన ఆర్వెల్, విలియం గోల్డింగ్ వంటి రచయితలు చెడు స్వభావాన్ని చర్చించడానికి కల్పిత లోకాలనే ఆశ్రయించారని, టోల్కీన్‌ను ఆ వరుసలో చూడాలని అతని వాదన.

ఈ ఓట్లను చరిత్ర విద్యార్థి ఎలా చూడాలి? ఓటు వేసినవారు తమంతట తాము ముందుకు వచ్చినవారు. వారు మొత్తం ప్రజలకు ప్రతినిధులు కారు. కాబట్టి ఈ నవల అన్నిటికన్నా గొప్పదని ఓట్లు నిరూపించవు. పండితుల తీర్పుకు, ఇష్టంగా చదివేవారి తీర్పుకు మధ్య ఎంత దూరం ఏర్పడిందో మాత్రం అవి స్పష్టంగా చూపాయి.

కాలం గడిచాక కొత్త ఆధారాలు బయటపడటం కూడా సాధ్యమే. 1961లో లూయిస్ నోబెల్ బహుమతికి టోల్కీన్ పేరును ప్రతిపాదించాడు. ఆ ఏడాది బహుమతి యుగోస్లావియా రచయిత ఇవో ఆండ్రిచ్‌కు దక్కింది. స్వీడిష్ అకాడమీ పత్రాలు 50 ఏళ్లు రహస్యంగా ఉంటాయి. అవి 2012లో వెల్లడైనప్పుడు, టోల్కీన్ వచనం ఉత్తమ కథనానికి తగిన స్థాయిలో లేదని కమిటీ సభ్యుడు ఆండెర్స్ ఆస్టర్లింగ్ భావించినట్లు తెలిసింది. విల్సన్ ఆక్షేపణల్లో ఒకటి ఐదేళ్ల తరువాత మరో దేశంలో, మూసిన తలుపుల వెనుక మళ్లీ వినిపించింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) 1965లో పాఠకుల సంఖ్య పెరగడానికి కారణాలేమిటి?
ఆ) 1997 నాటి ఓట్లు ఏ విషయాన్ని నిరూపించగలవు? దేన్ని నిరూపించలేవు?

10. అభిప్రాయాన్ని ఆధారంగా చదివే పద్ధతి

ఇంతవరకు చూసిన ఉదాహరణల నుంచి కొన్ని సూత్రాలు గ్రహించవచ్చు. మొదట, అభిప్రాయం చెప్పిన వ్యక్తికి రచయితతో ఉన్న సంబంధం, చెప్పిన తేదీ, వేదిక గమనించాలి. రెండోది, ఆ వ్యక్తి పుస్తకాన్ని ఏ ప్రశ్న అడుగుతున్నాడో గుర్తించాలి. మూడోది, అతని చేతికి ఏ రూపంలో, ఏ వెలకు, ఏ భాషలో పుస్తకం వచ్చిందో తెలుసుకోవాలి. నాలుగోది, ఎవరి గొంతు మనకు వినిపించడం లేదో ఆలోచించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి సూత్రం. ఒక అభిప్రాయం ఎందుకు ఏర్పడిందో వివరించడం వేరు, అది సరైనదో కాదో తేల్చడం వేరు. విల్సన్ ఆధునికతావాది కాబట్టి ఇలా రాశాడు అనడంతో విల్సన్ వాదన ఓడిపోదు. పాత్రలకు లోతు లేదన్న అతని ఆక్షేపణకు నవలలోని ఆధారాలతోనే జవాబు చెప్పాలి. చివరి ఘట్టంలో ఫ్రోడో ఉంగరాన్ని వదులుకోలేక ఓడిపోతాడు. ఇల్లు చేరిన తరువాత కూడా అతని గాయం మానదు. ప్రలోభం నిజమైనది కాదన్న విల్సన్ మాటకు ఇది ఒక జవాబు కావచ్చు. ఆ జవాబు చాలునా లేదా అన్నది చదివి తేల్చుకోవలసినవారు మీరు.

విశ్వవిద్యాలయ చదువు అంటే పెద్దల అభిప్రాయాలను కంఠస్థం చేయడమని చాలామంది అనుకొంటారు. ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకొంటూ దూరవిద్యలో చదివేవారికి తమ అభిప్రాయానికి విలువ లేదన్న సంకోచం కూడా ఉంటుంది. 70 ఏళ్ల ఈ చరిత్ర అందుకు భిన్నంగా చెబుతోంది. పేరున్న విమర్శకుడు మరచిపోయారని చెప్పిన పుస్తకాన్ని పేరులేని పాఠకులు నిలబెట్టారు. అదే సమయంలో, కోట్లమంది మెచ్చిన పుస్తకంలో జాతి చిత్రణను ప్రశ్నించిన కొద్దిమంది వల్ల మిగిలినవారు దాన్ని మరింత జాగ్రత్తగా చదివారు. ఓట్ల సంఖ్య గాని, పదవి గాని వాదనకు బదులు కాలేవు. కారణం చెప్పి, పుస్తకంలో చోటు చూపి, తాను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో దాచకుండా చెప్పిన అభిప్రాయానికి, అది ఎవరిదైనా, విలువ ఉంటుంది.

11. సారాంశం

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954–55లో మూడు సంపుటాలుగా వెలువడింది. తొలి సమీక్షల్లో లూయిస్, ఆడెన్ దీన్ని సమర్థించగా, మ్యూర్, విల్సన్ ఆక్షేపించారు. వారి భేదానికి ప్రధాన కారణం నవల నుంచి వారు ఆశించినది వేరు కావడం. 1965లో చౌక పేపర్‌బ్యాక్‌ల వల్ల విద్యార్థి పాఠకులు పెరిగారు. అమెరికా, ఇటలీ, రష్యా పాఠకులు ఒకే కథలో పరస్పర విరుద్ధమైన రాజకీయ అర్థాలు చూశారు. 1997 నాటి ఓట్లు సాధారణ పాఠకులకు, పండితులకు మధ్య ఉన్న దూరాన్ని బయటపెట్టాయి. పాఠకుల అభిప్రాయాలు పుస్తకం గురించే కాక, ఆ పాఠకుల కాలం గురించి కూడా ఆధారాలవుతాయి. అయితే పరిస్థితులను వివరించడం ద్వారా అభిప్రాయాన్ని ఖండించినట్లు కాదు.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1954–56 మధ్య 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'పై వచ్చిన భిన్నాభిప్రాయాలను, వాటి కారణాలను చర్చించండి.
2. ఒకే నవల వేర్వేరు దేశాల్లో విరుద్ధ రాజకీయ అర్థాలను ఎలా పొందిందో సోదాహరణంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పేపర్‌బ్యాక్ వివాదం
2. నవలలో జాతి చిత్రణపై అభ్యంతరాలు, సమాధానాలు
3. పాఠకుడి అన్వయ స్వేచ్ఛపై టోల్కీన్ అభిప్రాయం

III. అభ్యాసం
మీకు బాగా తెలిసిన ఒక తెలుగు నవలను తీసుకోండి. దాన్ని చదివిన మూడు తరాలవారిని, వీలైతే మీ ఇంట్లోనో మీ ఊరి గ్రంథాలయంలోనో, పలకరించండి. వారు దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఏ రూపంలో చదివారో, ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో రాసుకోండి. వారంతా పుస్తకాన్ని ఒకే ప్రశ్న అడిగారా? మీ పరిశీలనను రెండు పుటల్లో రాసి, చివర మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో చేర్చండి.